బ్రాకెట్లో మాట, బయట వ్యాకరణం



ఇంగ్లీషు మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసంలో షేక్‌స్పియర్ని వదిలి బ్రాకెట్ల గురించి మాట్లాడతాననేసరికి నిర్వాహకులు కాస్త తటపటాయించారు. నిజానికి షేక్‌స్పియర్ని పూర్తిగా వదల్లేదు. 1623 నాటి ఫోలియోలో ‘టెంపెస్ట్’ వంటి నాటకాల్లో బ్రాకెట్లు విరివిగా కనిపిస్తాయి. అవి చాలావరకు రాల్ఫ్ క్రేన్ అనే లేఖకుడి చలవేనని పండితుల మాట. నకలు రాసేవాడి అలవాటు మహాకవి ఖాతాలో పడిందన్నమాట.

బళ్లో మనందరికీ చెప్పిన సూత్రం ఒకటుంది: బ్రాకెట్లో ఉన్నది తీసేసి చదువు, వాక్యం నిలబడితే సరే. ఈ సూత్రం ఎంతదూరం వస్తుందో చూద్దాం.

క్రియ దగ్గర బాగానే వస్తుంది. ‘ద సెక్రటరీ అండ్ ద ట్రెజరర్ హావ్ సైన్డ్’ అన్నప్పుడు కర్తలు ఇద్దరు. ‘ద సెక్రటరీ (అండ్ ద ట్రెజరర్)’ అని రాశామో, వెనక రావలసింది ‘హాజ్ సైన్డ్’. మనుషులు ఆ ఇద్దరే, సంతకాలూ రెండే. బ్రాకెట్లోకి వెళ్లిన ట్రెజరర్‌కు కర్త హోదా పోయింది, అంతే. ‘అలాంగ్ విత్’ అన్నా ఇదే తీర్పు. చెవికి మాత్రం ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఇద్దరి పేర్లు విన్నాక హాజ్ అనబుద్ధి కాదు. అలాంటప్పుడు బ్రాకెట్లు ఎత్తేసి హావ్ రాసుకోవాలి. ఇద్దరిదీ సమాన బాధ్యతైతే కోశాధికారిని గోడ వెనక నిలబెట్టడం దేనికి?

పోలిక వాక్యాల్లో ఈ పరీక్ష ఇంకా పదునుగా పనిచేస్తుంది. ‘యాజ్ గుడ్ (ఇఫ్ నాట్ బెటర్) దేన్ హిజ్ టీచర్’ అని పెద్దపెద్దవాళ్లే రాస్తుంటారు. బ్రాకెట్ తీయండి: ‘యాజ్ గుడ్ దేన్’ మిగులుతుంది. దేన్ కావలసింది బెటర్‌కి. అది లోపలే ఉండాలి. ‘యాజ్ గుడ్ యాజ్ (ఇఫ్ నాట్ బెటర్ దేన్) హిజ్ టీచర్’ అంటే ఎవరి సామాను వారి దగ్గరుంటుంది.

ఇక సూత్రం చేతులెత్తేసే చోటు ఎ, యాన్. ‘ఎ మిస్టేక్’ మధ్యలో ‘అడ్మిటెడ్లీ స్మాల్’ అని బ్రాకెట్లో చేర్చామనుకోండి. సూత్రం ప్రకారమైతే ఎ కదలకూడదు. కానీ ‘ఎ (అడ్మిటెడ్లీ’ అని పైకి చదివి చూడండి, నోరు తిరగదు. ‘యాన్ (అడ్మిటెడ్లీ స్మాల్) మిస్టేక్’ అనే రాస్తారు. బ్రాకెట్ తీసేస్తే ‘యాన్ మిస్టేక్’ అనే తప్పు బయటపడుతుంది, అయినా ఉన్నంతసేపూ అదే ఒప్పు. క్రియ వాక్య నిర్మాణాన్ని చూస్తుంది. ఆర్టికల్ పక్కనున్న శబ్దం అచ్చా హల్లా అని చూస్తుంది. సంధుల మధ్య పెరిగిన మనకు ఇదేమంత వింత కాదు.

ఫుల్‌స్టాప్ సంగతి చిన్నది. వాక్యమంతా బ్రాకెట్లో ఉంటే లోపల, కొంతే ఉంటే బయట.

నాకు బొత్తిగా గిట్టనిది ‘అప్లికెంట్(స్)’. దాని వెనక ఈజ్ రాయాలా, ఆర్ రాయాలా? ఎటూ తేలక గీత పెట్టి రెండూ రాస్తారు. తర్వాత హిజ్, హర్, దెయిర్ మూడూ వరసగా వస్తాయి. ఫారం నింపేవాడికి కొట్టివేతలే మిగులుతాయి. మన జనరల్ క్లాజెస్ యాక్ట్, 1897లోని 13వ సెక్షన్ చూడండి. విషయానికో సందర్భానికో విరుద్ధం కానంతవరకు కేంద్ర చట్టాల్లో ఏకవచనం బహువచనాన్నీ కలుపుకొంటుంది. చట్టానికే లేని బెంగ ఫారానికెందుకు?

తెలుగులో బ్రాకెట్ ఇంకా మొండిది. ఇంగ్లీషు టు నామానికి ముందే వచ్చేస్తుంది కాబట్టి పేచీ లేదు. మన విభక్తి వెనక అంటుకోవాలి. ‘ముఖ్యమంత్రికి’ అంటాం, ‘సీఎంకు’ అంటాం. మరి ‘ముఖ్యమంత్రి (సీఎం)’ తర్వాత కియా, కువా? బ్రాకెట్ తీసి చూసే లెక్కన కి రావాలి. పైకి చదివేవాడు మాత్రం సీఎంకు అనే అంటాడు. యాన్ ముందుకు చూసినట్టు మన కు వెనక్కి చూస్తుంది. ‘ముఖ్యమంత్రికి (సీఎం)’ అని విభక్తిని ముందే తగిలించేస్తే గొడవ వదులుతుంది గానీ, ఆ బ్రాకెట్ వాక్యంలో అతకకుండా వేలాడుతున్నట్టుంటుంది. నా ఓటు కుకే. మాస్టారి శిష్యుల్లో పత్రికల డెస్కుల్లో పనిచేసేవారు ఈ సభలో ఉన్నారు. వాళ్లు ఏది దిద్దుతున్నారో, ఎందుకు దిద్దుతున్నారో చర్చలో చెబితే వింటాను.