సినిమా అయ్యాక లేవకండి

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థి సంఘాలు అప్పుడప్పుడు సామాజిక న్యాయం మీద ఓ సినిమా వేస్తుంటాయి. తెర, ప్రొజెక్టర్, కుర్చీలు. అంతే. అసలు సంగతి సినిమా అయ్యాకే. ఎవరో లేచి ప్రశ్న అడుగుతారు. చర్చ మొదలవుతుంది.

సినిమాతో సమాజాన్ని ప్రశ్నించడం మనకు కొత్తేం కాదు. గూడవల్లి రామబ్రహ్మం 1938లోనే అంటరానితనం మీద ‘మాలపిల్ల’ తీశారు. మరుసటి ఏడు జమీందారీ మీద ‘రైతుబిడ్డ’ తీస్తే, వ్యవహారం నిషేధం దాకా వెళ్లింది. బొమ్మంటే అంత భయం మరి!

మార్కాపురం, గిద్దలూరు కాలేజీల్లోనూ ఇలా సినిమా వేసి చర్చ పెట్టొచ్చు. ‘మాలపిల్ల’ వేయండి. నిడివి ఎక్కువే, సగం చూపినా చాలు. మాట్లాడటానికి పట్నం నుంచి పెద్దాయన రానక్కర్లేదు. అక్కడి పలకల గనిలో దుమ్ము మింగిన కార్మికుణ్ణి పిలవండి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిన అవ్వను పిలవండి. మైకు ముందు వాళ్లకే ఇవ్వండి. ప్రిన్సిపాల్ గారి అనుమతి ముందే కాగితం మీద తీసుకోండి. లేకుంటే ఆ రోజు హాలు తాళం దొరకదు.

ఒక్కటి మాత్రం మరవకండి. మాటలకు అరగంట ఉంచండి. మళ్లీ చెబుతున్నా, కనీసం అరగంట. సినిమా అయ్యాక ఎవర్నీ లేవనివ్వకండి.