ఇంటికి సోలార్: కొనేముందు అడగవలసిన మాట
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



ఇంటికి సోలార్ పెట్టించుకోవాలని చాలామంది మమ్మల్ని సలహా అడుగుతున్నారు. మేము చేసిన పొరపాటే ముందు చెబుతాము. "ఇక మీకు కరెంటు పోవడమనేదే ఉండదు" అని అమ్మినాయన అంటే నమ్మాము. రంజాన్‌లో ఒకనాడు మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. పైన ఎండ మండుతోంది, కింద ఉపవాసంతో ఉన్న మా అమ్మీకి ఫ్యాను తిరగలేదు!

విచారిస్తే తెలిసింది. లైనుతో కలిపిన సోలార్, లైనులో కరెంటు లేకపోతే తానూ ఆగిపోతుంది. స్తంభమెక్కి పనిచేసేవారికి షాకు తగలకుండా ఆ ఏర్పాటు. కరెంటు పోయినప్పుడూ కావాలంటే బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టరు ఉండాలి. ఖర్చు పెరుగుతుంది.

కనుక ముందు ఏడాది బిల్లులు తీసి చూడండి. ఒక కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి; నీడ పడని 100 చదరపు అడుగుల చోటు కావాలి. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి 2 కిలోవాట్లు చాలు. పక్కింటివారు 5 పెట్టారని మనమూ పెడితే అది ఇస్రాఫ్, వట్టి దుబారా.

2024లో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ పెట్టారు. అది బిగించిన తర్వాతే ఖాతాలో పడుతుంది. అందుకని వడ్డీ అప్పుకు పోక, చేతిలో ఉన్నంతలోనే చూసుకోండి.

అప్పు వ్యవహారాన్ని రాసిపెట్టుకోమని ఖుర్‌ఆన్ మనకు నేర్పింది. బేరానికీ అదే మేలు. అమ్మేవారి ప్రతి మాటా కాగితం మీద పెట్టించండి. మేము పెట్టించలేదు.