మన మిట్టసీమ



మదనపల్లె, పుంగనూరు, కుప్పము అనగానే ఇవి యే జిల్లాలోని యూళ్లని యడుగుట లోకాచారము. ఆ ప్రశ్నకు సమాధానము కాలమునుబట్టి మాఱుచు వచ్చినది. 1911వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము మదనపల్లె కడపజిల్లాలోనిది. పుంగనూరు జమీయు, కుప్పము చేరియున్న కంగుంది జమీయు ఉత్తరార్కాటులోనివి. ఆ దినమున వీని నన్నిటిని గూర్చి చిత్తూరుజిల్లాగా నేర్పఱచిరి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు పోయెను. 2022లో మదనపల్లె చిత్తూరునుండి విడివడెను. దొరతనము గీచిన గీత దొరతనమే తుడిచివేయును. నీరును, నేలయు, పసులును ఏర్పఱచిన యెల్లలు మాత్ర మంత సులభముగ మాఱవు. వానినిగుఱించి నాలుగు మాటలు మనవి చేసికొందును.

మనది మైసూరు పీఠభూమి తూర్పుటంచు. సముద్రమట్టమునకు ఇంచుమించు 700 మీటర్ల యెత్తున నున్న మిట్టసీమ. మదనపల్లెలో కురిసిన వాన బాహుదానదిం బడి, చెయ్యేటిద్వారా పెన్నను జేరి, నెల్లూరుసీమలో సముద్రమున గలియును. కుప్పముపై కురిసినది పాలాటిలో బడి, వేలూరుమీదుగ తమిళదేశమునకు పోవును. పాలా ఱు పుట్టినది కన్నడసీమలోని నంది ప్రాంతమున. ఒకే మేఘము రెండు నదులకు నీరు పంచుచున్నది. ఒకే నది మూడు భాషలవారి దాహము తీర్చుచున్నది. ఇట్టి చోట తెలుగు, కన్నడము, అరవము కలిసిమెలిసి వినబడుటలో వింత యేమున్నది? మన పలుకును సంకరమని యెగతాళి చేయువారు ఈ సంగతి గమనింపవలెను.

గొప్ప నది లేని మిట్టను మన పూర్వులు చెఱువులతో బ్రదికించుకొనిరి. ఒక చెఱువు మఱవ పాఱిన నీరు దిగువ చెఱువునకు, అందుండి మఱియొకదానికి గొలుసువలె నందునట్లు కట్టిరి. తూమునొద్ద నీరుగంటి యుండెను. కట్టకు ఊరివారి మరామత్తు ఉండెను. 2025 ఆగస్టులో హంద్రీనీవా కాలువగుండ కృష్ణాజలము కుప్పము చేరినది. మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయినను, పూడిన చెఱువులో ఏ నదినీరైనను నిలుచునా?

ఇక మన యావు సంగతి. పుంగనూరు ఆవు ఎత్తు సుమారు 70 మొదలు 90 సెంటీమీటర్లు. కొంచెపు మేత తిని, కఱవును తట్టుకొని, 8 శాతమువఱకు వెన్నగల పాలిచ్చును. అల్పవర్షమును, పలుచని పసరికయు గల యీ నేలయే దాని నట్లు తీర్చినది. ఎక్కువ పాలకై సీమజాతులతో సంకరము చేయగా ఈ జాతి నశించుదశకు వచ్చెను. పలమనేరులోని పశుపరిశోధనాక్షేత్రము దీనిని నిలుపుటకు పాటుపడినది. నేడు దీనికి క్రొత్త గిరాకి పుట్టి, పట్టణములలో ముచ్చటకై పెంచువారు బయలుదేఱినారు. ప్రాణము నిలిచినందుకు సంతసమే. కాని మన బీళ్లలో మేసి, మన రైతు కొట్టమున ఈనినపుడుగదా అది పుంగనూరు ఆవు! బీడు పోయి బొమ్మ మిగిలినయెడల మనకు దక్కిన దేమి?

మన రాగిసంగటియు, పితికిపప్పుపులుసును, చెనిక్కాయల ఊరుబిండియు మెట్టపైరుల నుండి వచ్చినవే. వేసవిలో ధర్మరాజులగుడియొద్ద పదునెనిమిది దినములు భారతము చెప్పించి, తపస్సుమాను నెక్కించి, మట్టిదుర్యోధనుని గూల్చు నుత్సవము మనకును, ఆర్కాటువారికిని ఉమ్మడి సొత్తు. ఏనుగులకును ఎల్లలు లేవు. 1980ల దశకమున అవి దక్షిణపుటడవులనుండి మరల మన కొండలకు రాగా, 1990లో కౌండిన్య అభయారణ్య మేర్పడెను. పైరు పోగొట్టుకొన్న రైతునకు ఇది వినోదము కాదు. అతని నష్టమును మూడు రాష్ట్రములవారును కలిసి యోచింపవలసియున్నది.

నీరు, నేల, చెట్టు, జంతువు, వానినెఱిగి బ్రదుకు జనము—వీనినిబట్టియే సీమను గుర్తింపవలెనని 1977లో అమెరికాలో పీటర్ బర్గ్, రేమండ్ డాస్‌మన్ అనువారు వ్రాసిరి. మనకిది క్రొత్తమాట కాదు. ఇట్టి యభిమానము దేశాభిమానమునకు అడ్డమని కొంద ఱందురు. నేనట్లు తలపను. 1919లో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి, మన జాతీయగీతమును ఆంగ్లమున వ్రాసి యిచ్చెను. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరరచన కుదిర్చెను. ఆ గీతము దేశమును సీమల పేర్లతోను, కొండల పేర్లతోను, నదుల పేర్లతోను గదా స్తుతించుచున్నది!

కావున పెద్దలకు నా మనవి యొక్కటి. మీ యూరి చెఱువునకు ఏ వంక నీరు వచ్చును, మఱవ నీ రెచటికి పోవును, ఏ బీడు పసులది, ఏ గింజ ఏ కార్తెలో విత్తుదురు—ఈ సంగతులు మీ మనుమలను వెంటబెట్టుకొనిపోయి చూపుడు. జిల్లాపేరు వారికి బడిలో చెప్పుదురు. ఇవి చెప్పదగినవారు మీరే.