అగ్నిపర్వతం మ్యాప్‌లో నదుల్ని చూడండి

అగ్నిపర్వతం అనగానే లావానే గుర్తొస్తుంది కదా? కానీ కొలంబియాలో ఆర్మెరో అనే ఊరిని ముంచేసింది బురద. 1985 నవంబర్ 13 రాత్రి నెవాడో డెల్ రూయిజ్ పేలింది. ఆ వేడికి శిఖరం మీది మంచు కరిగి, బూడిదని, రాళ్లని కలుపుకుని నదీలోయల్లోకి దూకింది. దీన్నే లాహార్ అంటారు. 70 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, దాదాపు రెండున్నర గంటల్లో ఆర్మెరో మీద పడింది. మొత్తం సుమారు 23 వేల మంది చనిపోయారు.

బాధాకరమైన విషయం ఏంటంటే, నెల ముందే వచ్చిన ప్రమాద మ్యాప్‌లో ఆర్మెరో బురద దారిలోనే ఉంది. అయినా ఊరు ఖాళీ చేయించలేదు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఇలాంటి మ్యాప్‌లో కొండ ఎంత దూరమో ఒక్కటే చూడకండి. అక్కడ పుట్టిన నది మీరున్న చోటుకి వస్తుందా, చూడండి. హెచ్చరిక వస్తే నది వెంట పరిగెత్తకండి, పక్కనున్న ఎత్తు మీదికి ఎక్కేయండి.