పరిశోధన మన గడప దాకా రావాలంటే

 

ఈ రోజు మేము ‘నాలెడ్జ్ బ్రోకర్’ అనే మాట గురించి చెప్పాలనుకున్నాం. బ్రోకర్ అనగానే మనకు పత్తి మార్కెట్లో కమీషన్ పట్టుకునే మనిషి గుర్తొస్తాడు. ప్రజారోగ్యంలో దీని అర్థం వేరు. పరిశోధకులు తెలుసుకున్నదాన్ని జనానికి వాళ్ల మాటల్లో చెప్పి, జనం అడిగినదాన్ని మళ్లీ వైద్యుల దాకా తీసుకెళ్లే మనిషి అన్నమాట. మనం ‘వారధి’ అనుకుందాం.

ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లా ఉంది. మన గోండు బంధువులున్న చోటే. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు 1986లో అక్కడ ‘సెర్చ్’ అనే సంస్థ పెట్టారు. అప్పట్లో పసిపిల్లలు న్యుమోనియాతో చనిపోతుండేవారు. 2 నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తుంటే ప్రమాదమని వైద్యులకు తెలుసు. కానీ చదువు రాని మంత్రసాని 60 దాకా ఎలా లెక్కపెడుతుంది? అందుకని వాళ్లు ఒక చిన్న పరికరం చేశారు. నిమిషం కొలవడానికి ఇసుక గడియారం, పక్కన పూసలు. 10 శ్వాసలకు ఒక పూస జరపాలి. మొదటి 5 పూసలు ఆకుపచ్చవి, ఆరోది ఎర్రది. ఇసుక అయిపోయేలోగా ఎర్రపూస దాకా వస్తే బిడ్డకు వైద్యం కావాలి. శాస్త్రం అదే, చెప్పే తీరు మారింది.

తర్వాత 39 గ్రామాల్లో ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. బిడ్డ బరువు తూయడం, వెచ్చగా ఉంచడం, జబ్బు గుర్తుపట్టడం, అవసరమైతే ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పారు. అంతకుముందు పుట్టిన ప్రతి 1000 మందిలో 62 మంది నెల నిండకుండానే పోయేవారు. మూడో ఏడాదికి ఆ సంఖ్య సుమారు 25కు తగ్గింది. 1999లో ఈ ఫలితాలు ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చాయి. ఇదే పద్ధతిని ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతా తెచ్చింది 2011లో. అంటే పత్రిక నుంచి గడప దాకా రావడానికి 12 ఏళ్లు పట్టింది. ఆసుపత్రిలో కాన్పయ్యాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశక్క ఇంటికి రావడం వెనుక ఇంత కథ ఉంది.

ఇప్పుడు మన సంగతి. 2023 జూలై 1న జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లకు రక్తపరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. హాస్టళ్లలో పనిచేసే మాకు తెలుసు, ఆ కార్డు చాలాసార్లు ట్రంకుపెట్టె అడుగుకు చేరుతుంది. ‘ఏఎస్’ అని ఉంటే కొందరు పిల్లలు జబ్బనుకుని ఏడుస్తారు. కొన్ని ఇళ్లలో సంబంధాలు తప్పిపోతాయని దాచేస్తారు.

ఏఎస్ అంటే జబ్బు కాదు, ఆ లక్షణాన్ని మోస్తున్నారని అర్థం. మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. భార్యాభర్తలిద్దరూ ఏఎస్ అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒకరు ఏఎస్, మరొకరు ఏఏ అయితే బిడ్డకు సికిల్ సెల్ జబ్బు రాదు. ఈ నాలుగు మాటలు గోండిలోనో, కోయలోనో, లంబాడీలోనో అవ్వకు అర్థమయ్యేలా చెప్పగలిగేది మీరే. మీకు పుస్తకం భాషా వచ్చు, ఇంటి భాషా వచ్చు.

అయితే చెప్పడం సగం పనే. వినడం మిగతా సగం. అవ్వ ఎందుకు భయపడుతోందో, నాన్న సూది ఎందుకు వద్దంటున్నాడో ఏఎన్ఎంకు చెప్పండి. తెలియనిది తెలియదనండి. మందుల మాట డాక్టరుకే వదిలేయండి.

ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్న కార్డులు బయటికి తీయించి చదివి వినిపించండి. వాళ్లు అడిగే ప్రశ్నలు నోటుబుక్కులో రాసుకుని తెండి. పీహెచ్‌సీ డాక్టరును హాస్టల్‌కు పిలిచే బాధ్యత మాది. ఆ ప్రశ్నలు అడగాల్సింది మాత్రం మీరే.