అడిస్ అబాబాలో మేము చూసింది, మన సంఘాలు ఆలోచించాల్సింది
(వార్షిక మహాసభలో చదివిన ప్రసంగ పాఠం)



మేము ముగ్గురం ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాకు వెళ్లి, అక్కడి ఆడవాళ్ల పొదుపు సంఘాలతో ఒక నెల వాలంటీర్లుగా పనిచేసి వచ్చాం. విమానం ఎలా ఉంది, అన్నం దొరికిందా, భయమేయలేదా అని చాలామంది అడుగుతున్నారు. అవన్నీ చెబుతాం. కానీ మీరంతా కలిసి తేల్చాల్సిన విషయం ఒకటుంది, అది చివర్లో చెబుతాం.

ముందు ఊరి సంగతి. ఆ నగరం సముద్ర మట్టానికి 2,300 మీటర్లకు పైన ఉంది. అంటే తిరుమల కొండకు రెట్టింపు కన్నా ఎత్తు. మొదటి రెండు రోజులు నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఆఫ్రికా అంటే మండే ఎండలనుకుని పలచటి చీరలు సర్దుకున్నాం. పొద్దున్నే శాలువా లేకుండా బయటికి రాలేకపోయాం. ఊరికి ఉత్తరాన ఎంటొటో కొండలున్నాయి. నిండా మన జామాయిల్ చెట్లే. ఆ కొండల మీద నుంచి ఆడవాళ్లు తమకన్నా పెద్ద కట్టెల మోపులు వీపున కట్టుకుని, నడుం వంచి దిగుతుంటారు. వాళ్లని చూశాక పరాయి దేశంలో ఉన్నామన్న మాట సగం మర్చిపోయాం.

అక్కడ గంటల లెక్క వేరు. వాళ్లకి రోజు పొద్దున ఆరింటికి మొదలవుతుంది. మన ఏడు గంటలు వాళ్లకి ఒంటిగంట. సమావేశం మూడింటికి అంటే మన తొమ్మిదింటికి వెళ్లాలి. మన తాతలు పొద్దు పొడుపు నుంచి ఝాములు లెక్కపెట్టేవాళ్లు కదా, అలాంటిదే. వాళ్ల క్యాలెండరులో నెలలు 13. పన్నెండు నెలలకు 30 రోజుల చొప్పున, చివరి నెలకు అయిదో ఆరో రోజులు. సంవత్సరం మన లెక్కకన్నా ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది. అందుకని వాళ్ల పొదుపు పుస్తకాలు చూసేటప్పుడు తేదీల దగ్గర పక్కన ఒకరిని కూర్చోబెట్టుకునేవాళ్లం.

భాష అమ్హారిక్. ఒక్క ముక్క రాదు. కానీ వాళ్ల అక్షరాలకు మన గుణింతం లాంటిదుంది. ఒక్కో హల్లుకి ఏడు రూపాలు. మా దుబాసీ పిల్ల అది చెప్పగానే మేము క, కా, కి, కీ అని పాడితే సంఘం ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి బెరుకు పోయింది.

ఇక తిండి. టెఫ్ అనే సన్నటి గింజల పిండిని కొన్ని రోజులు పులియబెట్టి చాటంత అట్టు పోస్తారు. దాన్ని ఇంజెరా అంటారు. దాని మీదే కూరలు వడ్డించి, అందరూ ఒకే పళ్లెంలో తింటారు. పక్కమనిషి నోట్లో తమ చేత్తో ముద్ద పెట్టడం వాళ్ల మర్యాద. మన గోరుముద్దే అనుకోండి. బుధ, శుక్రవారాల్లో చాలామంది మాంసం, పాలు ముట్టరు కాబట్టి మా ముగ్గురిలో మాంసం తినని అక్కకి ఇబ్బంది కాలేదు. కాఫీకి పుట్టిల్లు ఆ దేశమే. పచ్చి గింజలు మన ఎదుటే వేయించి, దంచి, మట్టికూజాలో కాచి మూడు విడతలు పోస్తారు. మూడోది తాగకుండా లేవకూడదు. దాని పేరు బరకా, దీవెన అని అర్థం. సంఘం మాటలన్నీ ఆ మూడు విడతల మధ్యే నడుస్తాయి.

ఇప్పుడు సంఘాల సంగతి. స్వయం సహాయక సంఘాల పద్ధతి 2002 ప్రాంతంలో మన దేశాన్ని చూసే అక్కడ మొదలైంది. సంఘానికి 15 నుంచి 20 మంది. వారం వారం కూర్చుంటారు, పొదుపు కడతారు, అందులోంచే అప్పు ఇచ్చుకుంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ సంగతి చెబితే రెండుసార్లు చెప్పించుకున్నారు. పంచసూత్రాలు, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య ఎలా నడుస్తాయో మేము చెప్పాం. పుస్తకాలు రాయడం చూపించాం.

కానీ వాళ్ల దగ్గర సంఘాలకన్నా ముందు నుంచే ఉన్నవి రెండున్నాయి. ఒకటి ఎకుబ్. అందరూ సమానంగా డబ్బు వేసి, చీటీ తీసి, వంతుల వారీగా ఒక్కొక్కరు మొత్తం తీసుకుంటారు. మన చీటీలాంటిదే గానీ పాట ఉండదు, తోసివేత ఉండదు. రెండోది ఇద్దిర్. అది చావుకి సంబంధించింది. నెలనెలా కొద్ది మొత్తం కడతారు. ఎవరింట్లో మనిషి పోయినా ఇద్దిర్ డబ్బు ఇస్తుంది. ఇద్దిర్‌కి సొంత టెంటు, బెంచీలు, వంట గిన్నెలు ఉంటాయి. సభ్యులే వచ్చి టెంటు వేస్తారు, వండి పెడతారు, ఇంటివాళ్ల పక్కన కూర్చుంటారు. రానివాళ్లకి జరిమానా కూడా ఉంటుంది.

ఒక సమావేశంలో ఒక పెద్దావిడ మమ్మల్ని అడిగింది: “మీ సంఘంలో మనిషి పోతే మీరేం చేస్తారు?” బీమా ఉందని, కాగితాలు ఎలా పెట్టిస్తామో, అప్పు ఎలా సర్దుతామో వివరంగా చెప్పాం. ఆవిడ అంతా విని, “సరే, ఆ రోజు ఆ ఇంటికి నీళ్లెవరు మోస్తారు?” అంది.

అక్కల్లారా, ఆ ప్రశ్న మీ ముందు పెట్టడానికే ఇదంతా చెప్పాం. చుట్టుపక్కల ఆడవాళ్లు అన్నం పంపడం మన ఊళ్లలోనూ ఉంది, కాదనం. కానీ ఒంటరి ఆడమనిషి ఇంట్లోనో, వలస వచ్చినవాళ్ల ఇంట్లోనో చావు జరిగితే ఎవరొస్తారన్నది ఆ ఇంటి అదృష్టం. బీమా డబ్బు వచ్చేది తర్వాత. కట్టెలకి, టెంటుకి, వచ్చినవాళ్ల భోజనాలకి డబ్బు కావాల్సింది ఆ పూటే. ఆ పూట తెచ్చిన చేబదులు నూటికి అయిదు, పది వడ్డీకి పెరిగి, చివరికి మన సంఘం కిస్తీ మీదే పడుతోంది. కిస్తీ ఆగాక మనం ఆ ఇంటికి వెళ్తున్నాం. అంతకుముందే వెళ్తే బాగుంటుందని మా మాట.

లెక్క కూడా వేసి తెచ్చాం. 200 మంది సభ్యులున్న గ్రామ సమాఖ్యలో మనిషికి నెలకు 10 రూపాయలు వేస్తే నెలకు 2,000, ఏడాదికి 24,000. చావు జరిగిన ఇంటికి అదే రోజు 4,000 చొప్పున ఇస్తే అయిదిళ్లకు 20,000. మిగిలిన 4,000తో గిన్నెలు, పట్టాలు కొనుక్కోవచ్చు. అయిదు దాటితే ఏం చేయాలన్నది మీరే చెప్పాలి. మా మనవి మూడు నియమాలు: ఈ డబ్బుకి విడిగా పుస్తకం ఉండాలి. దీన్ని అప్పుగా ఇవ్వకూడదు. ఇచ్చేటప్పుడు పాత బకాయి మాట ఎత్తకూడదు. డబ్బుతో పాటు ఆ ఇంటికి వెళ్లి పనిచేసే వంతు కూడా రాసుకోవాలి. డబ్బొక్కటే అయితే అది ఇంకో చిన్న బీమా అవుతుంది, అంతే.

వచ్చే నెల మీ గ్రామ సమాఖ్య సమావేశంలో దీన్ని ఎజెండాలో పెట్టండి. ఒప్పుకుంటే తీర్మానం రాసి పంపండి. ఒప్పుకోకపోతే ఎందుకు కుదరదో అదీ రాసి పంపండి.