పాము కాటు – 20 నిమిషాల రక్త పరీక్ష



మన పాలమూరు చేలల్లో రక్తపింజర కాటు కొత్త కాదు. మామూలుగా గాయమైతే ఫైబ్రిన్ అనే సన్నని దారాలు వలలా అల్లుకొని రక్తం గడ్డకడుతుంది. పింజర విషం ఆ దారాల ముడిసరుకును ఖర్చు చేసేస్తుంది. అప్పుడు చిగుళ్ల నుండి, మూత్రంలో రక్తం పోవచ్చు.

అందుకే 2 మి.లీ. రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూస్తాము. నీళ్లలా జారితే విషం ఎక్కినట్టే. విరుగుడు ఇంజెక్షన్ ఇవ్వాలి. గొట్టాన్ని మీరు ముట్టుకోవద్దు.

మొదటిసారి గడ్డకట్టినా ఇంటికి తొందరపడకండి. విషం ఆలస్యంగా పనిచేయవచ్చు. పరీక్ష మళ్లీ మళ్లీ చేయాలి. కాటును కోయకండి, తాడు బిగించకండి, మంత్రాలకని ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.